ఉప్పు మొక్కు

మా తండాలో నాకు రెండు పేర్లున్నాయి. రికార్డుల్లో సువర్ణ, ఆశా కార్యకర్త. నోళ్లలో ఉప్పు సువర్ణ. ఎనిమిదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి, చేతికి పట్టీ కట్టి బీపీ చూసి, "ఉప్పు తగ్గించు, తొక్కులు మానెయ్" అని చెప్పి చెప్పి సంపాదించుకున్న పేరది. నేను వీధిలో కనిపిస్తే అరుగు మీద అన్నం తింటున్నవాళ్లు కంచం పట్టుకుని లోపలికి పోతారు. పెళ్లి భోజనాల్లో నా పక్క విస్తరి ఎప్పుడూ ఖాళీయే. ఆ పేరుకు నేను బాధపడ్డానని అనుకోకండి. గర్వపడ్డాను. ఆ గర్వమే నా కొంప ముంచబోయింది.

ఇది పోయిన శ్రావణంలో మాట. అశ్వారావుపేట నుంచి అడవి వైపు పోయే రోడ్డులో, పామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట మా తండా ఉంటుంది. అరవై గడపలు. నా భర్త హరిలాల్ పామాయిల్ గెలలు తోలే ట్రాక్టర్ నడుపుతాడు. కూతురు నందిని కొత్తగూడెంలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. అత్త హేమ్లికి డెబ్బై దాటాయి. నోరు మాత్రం ఇంకా ఇరవై దగ్గరే ఉంది.

మా అత్తకు హైబీపీ. పట్టీ కట్టినప్పుడల్లా నూట అరవై, నూట అరవై ఐదు. రోజూ గోళీ నా కళ్ల ముందే మింగుతుంది, నోరు తెరిచి నాలుక కూడా చూపిస్తుంది. నాలుగు నోళ్లకూ ఒకటే కుండ కాబట్టి, ఆమె కోసమని ఇంటి మొత్తానికి కూరలో ఉప్పు సగానికి కోశాను. తొక్కు జాడీలు ఇంట్లోంచి తీసేశాను. హరిలాల్ ట్రాక్టర్ మీద పోయి హోటల్లో తినడం మొదలుపెట్టాడు. పిల్ల మాత్రం పెట్టింది తిని పెరిగింది, ఆ అలవాటుతో హాస్టల్లోనూ ఉప్పుకు దూరంగానే ఉంది. ఇంత చేసినా అత్త బీపీ మాత్రం నూట అరవై నుంచి ఒక్క మెట్టు దిగలేదు. నెలనెలా జరిగే ఆశాల మీటింగులో మా పై మేడం అందరి ముందూ, "సువర్ణా, ఊరికి చెప్తవు, మీ అత్తను అదుపుల పెట్టలేవా?" అని నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

శ్రావణం వస్తే మా లంబాడీలకు తీజ్. పెళ్లికాని ఆడపిల్లల పండుగ. ప్రతి పిల్లా చిన్న బుట్టలో పుట్టమన్ను పోసి నానిన గోధుమలు చల్లుతుంది. బుట్టలన్నీ తండా పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు కట్టిన మంచె మీద పెడతారు. రోజుకు మూడుసార్లు బిందెలతో నీళ్లు తెచ్చి, పాటలు పాడుతూ మొలకల మీద పోస్తారు. ఆ తొమ్మిది రోజులూ పిల్లలకు ఉప్పు లేదు, కారం లేదు. రొట్టె, బెల్లం, నెయ్యి, పాలు, అంతే. తొమ్మిదో రోజు బుట్టలు వాగులో కలుపుతారు.

ఈ చప్పిడి తిండి మొక్కుకు మా తండాలో కాపలాదారు మా అత్త. పొద్దున్నే పిల్లల్ని వరసగా నిలబెట్టి, దగ్గరికి వచ్చి మూతి వాసన చూస్తుంది. నాలుగిళ్ల అవతల ఎవరైనా మిరపకాయ కొరికినా ఆమెకు తెలిసిపోతుంది. ఒకసారి ఒక పిల్ల జామకాయ మీద ఇంత ఉప్పు అద్దుకుని తిన్నదని, దాని బుట్టను మంచె దింపించేసింది. పన్నెండేళ్ల పిల్ల. తొమ్మిది రోజులూ ఏడ్చింది.

ఈసారి పద్నాలుగు మంది పిల్లల్లో, పండుగకు హాస్టల్ నుంచి వచ్చిన నందినే పెద్దది. పెద్దపిల్ల మొదటి బుట్ట ఎత్తుకుని ముందు నడవాలి, వాగులోకి ముందు దిగాలి. మిగతా పిల్లలు దాని వెనక. పదహారేళ్ల వయసులో మా అత్త కూడా అలాగే ముందు నడిచిందట. ఆ సంగతి ఏటా చెబుతుంది. ఇక మనవరాలే ముందు నడుస్తుందంటే చెప్పేదేముంది? మొదటి రోజు నుంచే ఆమె కాళ్లు నేల మీద లేవు.

మూడో రోజు పొద్దున నేను ఇంట్లో రిజిస్టర్ రాసుకుంటున్నాను. బోరింగు దగ్గర కేకలు వినిపించాయి. పరుగెత్తాను. నందిని బురదలో వెల్లకిలా పడి ఉంది. బిందె రాయికి తగిలి సొట్టపోయింది. ఆ రాయికీ దాని తలకూ మధ్య జానెడు దూరం. వంగి బిందె ఎత్తుకుని లేవగానే పడిపోయిందని పిల్లలు చెప్పారు. నీళ్లు చల్లేలోపే కళ్లు తెరిచింది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, నుదుటి మీద చల్లటి చెమట.

ఇంటికి తీసుకొచ్చి మిషన్ పెట్టాను. ఎనభై ఆరు, యాభై నాలుగు. నేను మిషన్‌ను తిట్టాను. మళ్లీ పెట్టాను. ఎనభై ఎనిమిది. ఎక్కువ అంకెలను తిట్టడం నాకు వచ్చు. నూట డెబ్బై వచ్చిందంటే అరగంట ఆగకుండా మాట్లాడగలను. ఎనభై ఆరుకు నా దగ్గర మాటే లేదు.

"గిట్ల ఎన్నడన్న అయ్యిందా?" అని అడిగాను.

"అవ్ యాడీ" అంది నా బిడ్డ, మా భాషలో అమ్మా అని. "హాస్టల్ల పొద్దుగాల లేస్తే కండ్లు చీకట్లయితయి. స్కూల్ల ప్రేయర్ల రెండుసార్లు పడ్డ. నీకు చెప్పిన కదా. నువ్వు రక్తం గోళీలిచ్చినవు."

చెప్పింది. నాకు గుర్తొచ్చింది. తండాలో మూడు వందల మంది చేతులకు పట్టీ కట్టాను. నా కూతురి చేతికి కట్టడం అదే మొదటిసారి.

హరిలాల్ బండి మీద దాన్ని మధ్యన కూర్చోబెట్టుకుని దవాఖానాకు పోయాం. డాక్టర్ ప్రభాకర్ సారు కుర్రవాడు, నెమ్మదస్తుడు. నందినిని ముందు బల్ల మీద ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూశాడు. నూట ఆరు. తర్వాత లేపి నిలబెట్టి, నిమిషం ఆగి చూశాడు. ఎనభై రెండు. పిల్ల గోడ పట్టుకుంది. రక్తం పరీక్ష చేయించాడు, షుగర్ చూశాడు, గుండెకు ఈసీజీ తీయించాడు. రక్తం కాస్త తక్కువ తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

"అమ్మా, బీపీ తక్కువున్నోళ్లందరికీ జబ్బున్నట్టు కాదు. నాకే నూరు దాటదు, నేను మంచిగనే తిరుగుతున్న. నీ బిడ్డ సంగతి వేరే. లేచి నిలబడంగనే రక్తం కాళ్లల్లకు జారుతున్నది. దాన్ని పైకి నెట్టాలంటే ఒంట్ల నీళ్లుండాలె, ఉప్పుండాలె. రెండూ లేవు. తలకు రక్తం అందుతలేదు, అందుకే పడుతున్నది."

"ఉప్పు లేకపోవుడు తీజ్ వల్ల సార్, మూడు రోజుల సంది" అన్నాను.

"మూడు రోజులకే ఇంత కావొద్దే. ఇంట్ల ఉప్పు ఎట్ల తింటరు?"

"సగమే సార్. ఎనిమిదేండ్ల సంది."

"ఎవరు తగ్గించిన్రు?"

"నేనే సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మీ అత్తకంటే సరే. పిల్లకెందుకమ్మా?"

ఒకటే కుండ సార్ అని గొణిగాను. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఏ మీటింగులోనూ పడలేదు.

ఏం చేయాలో సారు పిల్లకే వివరంగా చెప్పాడు. రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు తాగాలి. కడుపు నిండా ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం తినాలి. పడుకుని ఒక్కసారిగా లేవకూడదు, ముందు కూర్చోవాలి, కాసేపు ఉండాలి, అప్పుడు లేవాలి. ఎండలో కదలకుండా నిలబడకూడదు. కళ్లు చీకట్లు కమ్మితే సిగ్గుపడకుండా అక్కడే కూర్చోవాలి, లేదంటే పడుకుని కాళ్లు ఎత్తిపెట్టాలి. నిలబడక తప్పనప్పుడు కాళ్లు కత్తెరగా వేసి తొడలు బిగబట్టాలి. "ఉప్పు అందరు తిన్నట్టు తిను. ఈ వారం దినాలు ఓఆర్‌ఎస్ నీళ్లు తాగు. మీ నాయనమ్మకు మాత్రం ఇయ్యకు, ఆమె సంగతి ఆమెది" అని నాలుగు ప్యాకెట్లు చేతిలో పెట్టాడు.

తీజ్ అయ్యేదాకా ఉప్పు కుదరదని నందిని అక్కడే చెప్పేసింది. దారి పొడుగునా బతిమాలాను. "బుట్ట దింపేద్దాం బిడ్డా, ఇంకొకరు ముందు నడుస్తరు" అన్నాను.

"నన్ను దింపకు యాడీ" అంది. "చిన్న పిల్లలందరు నన్ను చూసి నడుస్తున్నరు. దాదీ మొహం చూసినవా నువ్వు?"

చూశాను. అందుకే భయం. వాగు గురించి చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. శ్రావణంలో మా వాగు ఎర్రగా, ఒడ్డు తాకుతూ పోతుంది. దిగే చోట బండలు పాచి పట్టి ఉంటాయి. బుట్ట ముంచాలంటే నీళ్ల అంచున గొంతుక్కూర్చోవాలి, మళ్లీ లేవాలి. కూర్చుని లేవడమే కదా నా బిడ్డకు గండం. బోరింగు దగ్గర బురద ఉంది కాబట్టి బతికింది.

సాయంత్రం నాయక్ తుల్సీరాం మామ ఇంటికి పోయాను. పెద్దమనుషులు నలుగురైదుగురు మంచె దగ్గర కూర్చున్నారు. మా అత్త కూడా ఉంది. సంగతి చెప్పి, నందినికి ఈ మందు నీళ్లు తాగే వెసులుబాటు ఇవ్వమన్నాను.

"మందుల ఉప్పున్నదా?" అని అడిగింది మా అత్త. ఆమె అడిగేది అదేనని నాకు తెలుసు.

నేను జవాబు చెప్పేలోపే తుల్సీరాం మామ ప్యాకెట్ అందుకుని చించాడు. వేలు తడుపుకుని అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పే" అన్నాడు. పక్కాయన కూడా అద్దాడు. "తియ్యగున్నదే" అన్నాడు. ఇంకొకాయన "ముందుగాల తీపి, ఎన్క ఉప్పు" అని తీర్పు చెప్పాడు. సందేహం తీరక మళ్లీ అద్దారు. నా బిడ్డ మందు ఒక ప్యాకెట్ అలా పెద్దమనుషుల నాలుకల మీదే అయిపోయింది.

"ఎనిమిదేండ్ల సంది ఉప్పు విషమని మా పానం తీసినవు. నీ బిడ్డకాడికొచ్చేసరికి మందయ్యిందా సువర్ణా?" అన్నాడు తుల్సీరాం మామ. అందరూ నవ్వారు. ఆయన మనసులో విషం లేదు, కానీ ఎనిమిదేళ్ల బాకీ తీర్చుకున్నాడు. మా అత్త నవ్వలేదు. "ఉప్పు ఉప్పే. మొక్కు మొక్కే" అని లేచి పోయింది.

నాలుగో రోజు నేను ఒక నీచమైన పని చేశాను. బెల్లం నీళ్లలో నిమ్మకాయ పిండి, ఓఆర్‌ఎస్ కలిపి, ఏమీ తెలియనట్టు నందినికి ఇచ్చాను. ఒక గుక్క నోట్లోకి పోగానే నా వైపు చూసింది. బయటికి పోయి ఉమ్మేసి నోరు కడుక్కుని వచ్చింది.

"ఇంటింటికి పోయి ఈ గోళీ ఏస్కుంటరా, ఆ సూది ఏస్కుంటరా అని ఊరందర్నీ అడుగుతవు కదా. నన్నొక్కదాన్ని అడగబుద్ధి కాలేదా యాడీ?"

ఆ రోజు నుంచి నాయక్ ఇంట్లోనే పిల్లలతో కలిసి తిని అక్కడే పడుకుంది. నా చేతి రొట్టె ముట్టలేదు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. మా అత్త గడపలో నిలబడి చూసి పోయింది.

ఐదో రోజు మధ్యాహ్నం నీళ్లు పోసే వేళ నేనూ పోయి దూరంగా నిలబడ్డాను. నందిని సారు చెప్పినవన్నీ చేస్తోంది. నీళ్లు బాగా తాగుతోంది, నెమ్మదిగా లేస్తోంది, పాట పాడేటప్పుడు కాళ్లు కత్తెరగా వేసి నిలబడుతోంది. అయినా చాలలేదు. చెంబెత్తి మూడో బుట్ట మీద పోస్తుండగా దాని పాట ఆగిపోయింది. పడిపోకుండా తానే కిందికి కూర్చుంది, చెంబు నేల మీద పెట్టింది, ఆ తర్వాత పక్కకు ఒరిగింది. పక్కన మా అత్త ఉంది. తల ఆమె ఒడిలో పడింది.

నేను పోయి కాళ్లు ఎత్తి పట్టుకున్నాను. మా అత్త పిల్ల నుదురు తడిమింది. చెమట తన చీర కొంగుతో తుడిచి, ఆ కొంగును కాసేపు చూసింది. ఊళ్లో ఎంతమంది పడ్డారని విన్నా, ఒడిలో పడితే వేరు.

"వాగు కాడ గిట్లయితే?" అని అడిగింది నన్ను.

"నీళ్లల్ల పడతది అత్తా."

నందిని తెప్పరిల్లేదాకా అలాగే కూర్చుంది. తర్వాత లేచి చరచరా ఇంటికి పోయింది. ఆమె పెట్టె మూత చప్పుడు నాకు వీధిలోకి వినిపించింది. ఆ పెట్టెలో ఆమె పెళ్లినాటి అద్దాల లంగా, రవికె ఉంటాయి. దాన్ని మేమెవరం ముట్టం. తిరిగి వచ్చేటప్పుడు కొంగు కింద ఏదో పట్టుకుని వచ్చింది. అప్పటికి తుల్సీరాం మామ, పెద్దమనుషులు, నీళ్లు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు అందరూ చేరారు.

"తుల్సీరాం, మొక్కంటే ఉప్పు మానుడు. అవునా కాదా?" అంది.

"అవ్ వదినా."

"పిల్ల మూడు దినాలల్ల రెండుసార్లు పడ్డది. మిగిలిన దినాలు దాని మొక్కు నేను పట్టుకుంట. అది ఉప్పు తింటది, నేను మానుత."

తుల్సీరాం మామ గడ్డం గోక్కున్నాడు. "గట్ల ఎక్కడన్న ఉన్నదా?"

"నా సిన్నప్పుడు జొరమొచ్చిన పిల్ల మొక్కు దాని వదినె పట్టింది. చూసినోళ్లంత పోయిన్రు. నేనొక్కదాన్ని మిగిలిన."

అది నిజంగా జరిగిందో, ఆమె అప్పటికప్పుడు అల్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే కొడుతుంది.

"నువ్వు ఉప్పు మానితే మొక్కెట్లయితది వదినా?" అన్నాడు తుల్సీరాం మామ. "నీ కోడలు ఎనిమిదేండ్ల సందే మానిపిచ్చె. నీకు కష్టమేమున్నది అండ్ల?"

అప్పుడు మా అత్త కొంగు తీసింది. చేతిలో గాజు సీసా. సగం దాకా మామిడికాయ తొక్కు, పైన వేలెడు ఎర్రటి నూనె.

"మానిపిచ్చిందా? ఇది చూడు" అంది. "సంతకు పోయినప్పుడల్ల మా చెల్లె తెచ్చిస్తది. లంగా కింద దాస్త. కోడలు డ్యూటీకి పోంగనే అన్నంల కలుపుకుంట. ఎనిమిదేండ్లల్ల ఒక్కపూట తప్పలె. ఇప్పుడు చెప్పు, నాకు కష్టమా కాదా?"

తండాకు తండా నవ్వింది. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తుల్సీరాం మామ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేనొక్కదాన్నే నిలబడి ఆ సీసాను చూస్తున్నాను. నూట అరవై, నూట అరవై ఐదు, మీటింగులో మేడం నవ్వు, గోళీ మింగి నాలుక చూపించడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆమె కోసమని నా బిడ్డ నోరు కట్టేశాను. ఆమె మాత్రం లంగా కింద తొక్కు దాచుకుని హాయిగా తింది. భూమి చీలితే అందులోకి దూకాలనిపించింది. ముందు ఆమెను తోసి.

మా అత్త నవ్వులను పట్టించుకోలేదు. మంచె దగ్గర కూర్చున్న నందిని ముందు నేల మీద చతికిలబడింది.

"బిడ్డా, నీ మొక్కు నాకిస్తవా? నువ్వు ఇస్తేనే తీస్కుంట."

నందిని ఏడ్చింది. తలూపింది. నేను మూడు రోజులుగా బతిమాలాను, భయపెట్టాను, మోసం చేశాను. ఇలా అడగడం నాకు తోచలేదు.

తుల్సీరాం మామ సీసా తీసుకుని మూత బిగించి, మంచె కింద అందరికీ కనిపించేలా పెట్టాడు. తొమ్మిదో రోజు దాకా అది నాయక్ కాపలాలో ఉంటుందన్నాడు. నేను డాక్టర్ సారుకు ఫోన్ చేసి, అత్త నాలుగు రోజులు ఉప్పు లేకుండా ఉంటే పరవాలేదా అని అడిగాను. సీసా సంగతి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, "గోళీ ఆపొద్దు, రోజూ బీపీ చూడు. తల తిరిగితే నాకు చెప్పు" అన్నాడు.

ఆ నాలుగు రోజులు మా అత్తతో వేగడం ఎలాగో నాకే తెలుసు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని గడ్డి నమిలినట్టు మొహం పెట్టేది. నందిని కంచంలోకి తొంగి చూసి నిట్టూర్చేది. రోజుకు పదిసార్లు మంచె దగ్గరికి పోయి సీసా ఉందో లేదో చూసి వచ్చేది. తాను మాత్రం మొక్కు తప్పలేదు. తన మూతి వాసన చూడమని పొద్దున్నే పిల్లల ముందు వంగేది. పిల్లలు వాసన చూసి కిలకిలా నవ్వేవాళ్లు.

నందిని ఓఆర్‌ఎస్ నీళ్లు తాగింది, ఉప్పేసిన జావ తాగింది. అది లేచే ప్రతిసారీ మా అత్త పక్కనే నిలబడి "కూసో. ఉండు. ఇగ లే" అనేది. రెండో రోజుకల్లా పిల్లలందరూ అదే మాట అనడం నేర్చుకున్నారు. పద్నాలుగు గొంతులు ఒకేసారి "కూసో, ఉండు, ఇగ లే" అంటుంటే పాటలాగే ఉండేది. నేను మూడు పూటలా ఇద్దరికీ పట్టీ కట్టాను. ఒకరిది నెమ్మదిగా ఎక్కుతోంది, ఒకరిది నెమ్మదిగా దిగుతోంది. తొమ్మిదో రోజు పొద్దున మా అత్తది నూట నలభై నాలుగు. ఎనిమిదేళ్లలో ఆ అంకె నేను చూడలేదు.

"మిషన్ ఖరాబైనట్టున్నది, ఇంకోసారి చూడు" అంది ఆమె.

మధ్యాహ్నం దాటాక బుట్టలు ఎత్తారు. మొలకలు జానెడు పెరిగి పచ్చగా ఉన్నాయి. నందిని మొదటి బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. వెనక పదమూడు మంది. వాగు ఎర్రగా పోతోంది. పిల్లల అన్నదమ్ములు ఒడ్డున తాడు పట్టుకుని నిలబడ్డారు. మా అత్త నా పక్కనే నిలబడి నా మణికట్టు పట్టుకుంది. నేను ఊళ్లో అందరికీ కట్టే పట్టీకన్నా గట్టిగా పట్టుకుంది.

నందిని పాచి బండ మీద అడుగు చూసుకుంటూ దిగింది. నీళ్ల అంచున గొంతుక్కూర్చుంది. బుట్ట ముంచింది, మన్ను కరిగి ఎర్రనీళ్లలో కలిసిపోయింది. పని అయిపోయింది, ఇక లేవాలి. అది లేవలేదు. అలాగే కూర్చుంది. ఒడ్డు మీద పాట కూడా ఆగిపోయింది.

"ఉండు" అంది మా అత్త. బండల మీద నిలబడ్డ పిల్లలందరూ "ఉండు" అన్నారు. నందిని ఊపిరి పీల్చుకుంది. అది తొడలు బిగబట్టడం నాకు ఒడ్డు మీదికి కనిపించింది.

"ఇగ లే!"

లేచింది. నిలబడింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ పోయాను. ఇరవై దాటినా నిలబడే ఉంది. వెనక్కి తిరిగి మా వైపు చూసి నవ్వింది. నేను అక్కడే ఒడ్డున కూలబడిపోయాను. ఆ రోజు ఆ వాగు దగ్గర కళ్లు తిరిగి పడ్డది నేనొక్కదాన్నే. మా అత్త నా కాళ్లు ఎత్తి పట్టుకుని, నోటికొచ్చినట్టు తిట్టింది.

సాయంత్రం మొక్కు విడిచే భోజనం. తుల్సీరాం మామ మంచె కింది సీసా తెచ్చి మా అత్త చేతిలో పెట్టాడు. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె మూత తీసి, కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది. నా వైపు ఒక చూపు చూసింది. ఇంత తొక్కు తీసి వేడి అన్నంలో కలిపి, ముద్ద చేసి నందిని నోట్లో పెట్టింది. ఇంకో ముద్ద పెట్టింది. తర్వాత తన వేళ్లకు అంటిన నూనెను చూసుకుంది. నాకబోయి, చెంబులో నీళ్లు పోసుకుని చెయ్యి కడిగేసుకుంది.

"ఇగ ఇది నీ దగ్గర పెట్టు" అని సీసా నాకు ఇచ్చింది. "నా కంటికి కనపడనియ్యకు."

ఇప్పుడు మా ఇంట్లో కూర సగం ఉప్పుతోనే వండుతాను. నందిని వచ్చినప్పుడు దాని కంచంలో దాని ఉప్పు, దాని తొక్కు వేరే వేస్తాను. తండాలో కూడా ఉప్పు తగ్గించమనే ముందు ఇంట్లో ఎవరెవరున్నారో అడుగుతున్నాను, పిల్లల చేతులకు కూడా పట్టీ కడుతున్నాను. సీసా ఎక్కడ దాచాలో రెండు రోజులు ఆలోచించాను. ఎక్కడ దాచినా ఆమెకు తెలిసిపోతుంది. అందుకని దాచలేదు. పొయ్యి పక్క గూట్లో, అందరికీ కనిపించేలా పెట్టాను. మా అత్త రోజూ దాని ముందు నుంచే పోతుంది. ఒక్క క్షణం ఆగి దాన్ని చూస్తుంది, నన్ను ఒక తిట్టు తిడుతుంది, పోయి చప్పిడి కూరతో అన్నం తింటుంది.